ఫ్రెంచ్ క్రియల్ని ముక్కలుగా విరిచి పలకడం ఎలా?

ఫ్రెంచ్‌లో 'వాళ్లు మాట్లాడతారు' అని రాయాలంటే క్రియలో ఏడు లెటర్లు పడతాయి: పీ-ఏ-ఆర్-ఎల్-ఈ-ఎన్-టీ. నోటితో పలికేది మాత్రం ఒక్క ముక్క: పార్ల్. చివరి మూడు లెటర్లకూ శబ్దమే లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని 'పార్లెంట్' అని చదువుతారు. నేనూ మొదట్లో చాలా రోజులు అలాగే చదివాను. క్రియారూపాల పట్టికలు కంఠస్థం వచ్చేవి, పేపర్లో ఒక్క తప్పు ఉండేది కాదు. కానీ ఎవరైనా ఫ్రెంచ్‌లో మాట్లాడితే ఆ పట్టికలోని ఒక్క రూపమూ చెవికి తగిలేది కాదు.

ఇంటర్మీడియట్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకుని మంచి మార్కులు తెచ్చుకున్న చాలామంది పరిస్థితి ఇదే. కెనడా పీఆర్ కోసం టెఫ్, టీసీఎఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షలకు కూర్చునేవాళ్లకు ఇది ఇంకా టెన్షన్. అక్కడ వినాలి, ఎదుటి మనిషితో మాట్లాడాలి కూడా. అందుకని క్రియను కంటితో కాకుండా చెవితో విరవడం ఎలాగో మెట్టు మెట్టుగా చెబుతాను. రోజుకొక మెట్టు చాలు, తొందర వద్దు.

ముందు కొన్ని గుర్తులు ఒప్పుకుందాం

తెలుగులో 'అక్షరం' అంటే రాసే గుర్తూ అవుతుంది, పలికే ముక్కా అవుతుంది. మనకు ఆ రెండూ దాదాపు ఒకటే. ఫ్రెంచ్‌లో అవి వేర్వేరు. అందుకే రాసే గుర్తును 'లెటర్' అనీ, పలికే ముక్కను 'సిలబుల్' అనీ అంటాను. సిలబుల్‌కీ సిలబుల్‌కీ మధ్య చిన్న గీత పెడతాను.

అరసున్నా (ఁ) కనిపిస్తే ఆ అచ్చును ముక్కుతో పలకాలి. చివర 'న్' గానీ 'మ్' గానీ రాకూడదు, పెదవులు మూతపడకూడదు. మామూలు మాటల్లో 'మామయ్య'ను చాలామంది 'మావఁయ్య' అంటారు చూడండి, అక్కడ ముక్కులోంచి వచ్చే గాలే ఇది. పాత పుస్తకాల్లో మిగిలిపోయిన అరసున్నా ఫ్రెంచ్ నేర్చుకునే తెలుగువాళ్లకు భలే పనికొస్తుంది.

'ఏ' రాస్తే పెదవులు చిరునవ్వులా సాగాలి. 'ఎ' రాస్తే నోరు ఇంకాస్త తెరవాలి. ఈ రెండింటి తేడా పొడవులో కాదు, నోరు తెరిచే తీరులో ఉంది. మిగతా అచ్చుల్లో కూడా హ్రస్వ దీర్ఘాలను లెక్కపెట్టకండి. 'జ' అంటే ఇంగ్లిష్ 'ట్రెజర్'లో వినిపించే మెత్తని జ. 'ౙ' అంటే జెడ్ శబ్దం. పల్లెల్లో పెద్దవాళ్లు 'ౙొన్న' అనేటప్పుడు పలికే దంత్య జ గుర్తు తెచ్చుకుని, నాలుకను పళ్లకు తాకించకుండా గాలి వదిలితే అది వస్తుంది.

'నువ్వు' అనే మాటను 'త్యు' అని రాస్తాను గానీ అందులో యకారం లేదు. నోట్లో 'ఇ' పట్టుకుని, నాలుక కదపకుండా పెదవులు మాత్రం గుండ్రంగా చుట్టండి. అదీ ఫ్రెంచ్ 'యూ' లెటర్ శబ్దం.

మొదటి మెట్టు: రెండు అలవాట్లు వదలండి

మొదటిది ట, డ. ఇంగ్లిష్‌లోని టీ, డీ లెటర్లను మనం ట, డ అని పలికి అలవాటు పడ్డాం. ఫ్రెంచ్‌లో అవి పళ్లను తాకే త, దలే. ఇంగ్లిష్‌ వాళ్లు కష్టపడి నేర్చుకునే ఈ శబ్దాలు మనకు పుట్టుకతో వచ్చినవి. ప, త, కలను ఒత్తి ఊపిరితో పలకకపోవడం కూడా మనకున్న మేలే.

రెండోది చివర అచ్చు చేర్చడం. తెలుగు అజంత భాష. బస్ మన నోట్లో బస్సు అవుతుంది, కార్ కారు అవుతుంది. అదే చొప్పున 'పార్ల్' కాస్తా 'పార్లు' లేదా 'పార్లె' అయిపోతుంది. 'పార్లు' అంటే వినేవాళ్లకు అర్థం కాదు. 'పార్లే' అంటే ఇంకా చిక్కు, ఎందుకంటే అది వేరే రూపం. 'పార్ల్' అన్నాక నాలుక పైపళ్ల వెనక ఆగిపోవాలి. అద్దం ముందు నిలబడి, నాలుక అక్కడే ఉంచి రెండు అంకెలు లెక్కపెట్టి అప్పుడు తీయండి. పది నిమిషాల సాధన. దీన్ని దాటేసి ముందుకు వెళ్లకండి.

రెండో మెట్టు: మూగ లెటర్లను పెన్సిల్‌తో కొట్టేయండి

ఫ్రాన్స్‌లో ఒకటో తరగతి పిల్లల వాచకాల్లో పలకని లెటర్లను బూడిద రంగులో అచ్చు వేస్తుంటారు, ఒక్కో సిలబుల్ కింద విల్లులాంటి గీత గీస్తారు. పెద్దవాళ్లకూ అంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు. మీ పట్టిక తీసుకుని పెన్సిల్‌తో అదే చేయండి.

'మాట్లాడు' క్రియనే చూద్దాం. నేను, నువ్వు, అతను, వాళ్లు: ఈ నాలుగింటికీ చివర్లు వేరువేరుగా రాస్తాం. వరసగా ఈ, ఈ-ఎస్, ఈ, ఈ-ఎన్-టీ. అన్నీ కొట్టేయాల్సినవే. నాలుగూ 'పార్ల్' అనే వినిపిస్తాయి. 'మేము' రూపం చివర ఓ-ఎన్-ఎస్, అందులో ఎస్ కొట్టేస్తే 'పార్-లోఁ'. 'మీరు' రూపం చివర ఈ-జెడ్, కలిపి 'ఏ' శబ్దం: 'పార్-లే'. అంటే పట్టికలో ఆరు గళ్లు, చెవికి మూడే రూపాలు. పైగా రోజువారీ మాటల్లో ఫ్రెంచ్ వాళ్లు 'మేము' అనడానికి ఎక్కువగా 'ఓఁ' అనే సర్వనామం వాడతారు, దానికి మళ్లీ 'పార్ల్' రూపమే. ఈఆర్‌తో ముగిసే క్రియలే ఫ్రెంచ్‌లో అత్యధికం, కాబట్టి ఈ ఒక్క మెట్టుతో చాలా దూరం వెళ్లిపోతారు.

అసలు క్రియ, అంటే ఇన్ఫినిటివ్ చివర ఉండే ఈ-ఆర్‌లో ఆర్ పలకదు, అదీ 'పార్-లే'నే. 'మాట్లాడిన' అనే పార్టిసిపల్ కూడా 'పార్-లే'. ఐ-ఆర్‌తో ముగిసేవాటిలో మాత్రం ఆర్ వినిపిస్తుంది: ఫి-నీర్, అంటే ముగించడం.

ఈ-ఎన్-టీ విషయంలో ఒక జాగ్రత్త. అది మూగబోయేది 'వాళ్లు' కర్తగా ఉన్న క్రియలోనే. నామవాచకంలోనో విశేషణంలోనో ఉంటే పలుకుతుంది. రాష్ట్రపతి అనే మాటా, 'వాళ్లు అధ్యక్షత వహిస్తారు' అనే క్రియా రాతలో ఒక్కలాగే ఉంటాయి, లెటర్ పైన పెట్టే యాక్సెంట్ గుర్తుతో సహా. మొదటిది 'ప్రే-ౙి-దాఁ', రెండోది 'ప్రే-ౙీద్'. సంతోషంగా ఉన్న అనే విశేషణం 'కోఁ-తాఁ', అవే లెటర్లతో 'వాళ్లు కథ చెబుతారు' అంటే 'కోఁత్'. ఏకవచన క్రియ ఈ-ఎన్-టీతో ముగిస్తే కూడా ముక్కు శబ్దం వినిపిస్తుంది: 'అతను వస్తాడు' అంటే 'ఇల్ వ్యెఁ', 'అతను అబద్ధం చెబుతాడు' అంటే 'ఇల్ మాఁ'. కాబట్టి చదివే ముందు కర్త ఎవరో చూడండి, తర్వాతే పెన్సిల్ ఎత్తండి.

మూడో మెట్టు: మిగిలినదాన్ని విరవండి

ఇప్పుడు మిగిలిన శబ్దాలను సిలబుల్స్‌గా విరవాలి. ఫ్రెంచ్‌కు అచ్చుతో ముగిసే సిలబుల్స్ అంటే ఇష్టం. ఈ విషయంలో అది తెలుగుకు దగ్గర చుట్టం.

రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది తర్వాతి అచ్చుతో పోతుంది: ఆ-రి-వే, ఫి-నీర్. రెండు హల్లులు ఉంటే మధ్యకు విరగాలి: పార్-లే, షెర్-షే, రెస్-తే. మన ఛందస్సులో సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు ఎందుకు అవుతుందో గుర్తుందా? రాసేటప్పుడు 'ర్లే' కలిసి ఉన్నా, పలికేటప్పుడు 'ర్' వెనక్కి వెళ్లి ముందు అక్షరాన్ని మూస్తుంది. అదే పని ఇక్కడా జరుగుతుంది. కాకపోతే గురువు కదా అని దాన్ని సాగదీయకండి. ఫ్రెంచ్‌లో ప్రతి సిలబుల్‌కీ ఒకే కొలత, మాటల గుంపులో చివరిదానికి మాత్రం కాస్త నిడివి.

రెండో హల్లు ల గానీ ర గానీ అయి, మొదటిది ప, బ, త, ద, క, గ, ఫ, వలలో ఒకటైతే ఆ జంట విడిపోదు: ఊ-వ్రీర్ అంటే తెరవడం, మోఁ-త్రే అంటే చూపించడం. సీ-హెచ్ కలిసి ఒకే శబ్దం, జీ-ఎన్ కలిసి ఒకే శబ్దం: గా-న్యే, అంటే గెలవడం.

ద్విత్వం దగ్గర తెలుగువాళ్లం తప్పక తడబడతాం. మనకు 'కల' వేరు, 'కల్ల' వేరు. అందుకే రెండు ఎన్‌లు కనబడగానే 'దొన్నే' అంటాం. ఫ్రెంచ్‌లో పంక్తి చివర పదాన్ని విరిస్తే రెండు ఎన్‌ల మధ్యే విరుస్తారు, కానీ పలికేది ఒకటే న: 'దొ-నే', ఇవ్వడం. 'ఫి-ని-సోఁ' కూడా అంతే, రాతలో రెండు ఎస్‌లు, నోట్లో ఒక్క స. ఒక ఎస్ ఉంటే రెండు అచ్చుల మధ్య ౙ అయిపోయేది. దాన్ని స గానే ఉంచడానికి రెండోది కాపలా కాస్తోంది.

దీనికీ ఒక మినహాయింపు ఉంది, అది మనకు సులువు. 'పరుగెత్తు' క్రియలో 'నేను పరుగెత్తేవాణ్ని' అంటే 'కు-రె', 'పరుగెత్తేవాణ్నే, కానీ' అనే షరతు రూపం 'కుర్-రె'. మొదటిదాంట్లో ఒక ఆర్, రెండోదాంట్లో రెండు. ఇక్కడ ద్విత్వం నిజంగా పలకాలి, లేకపోతే అర్థం మారిపోతుంది. 'చనిపోవు' క్రియకూ ఇదే వరస.

నాలుగో మెట్టు: స్పెల్లింగ్ ఎందుకు మారుతుందో చెవితో పట్టుకోండి

నాకు ఫ్రెంచ్ మీద నిజమైన ప్రేమ పుట్టింది ఇక్కడే. పట్టికలో 'కొను', 'పిలుచు', 'ఇష్టపడు' లాంటి క్రియలు కొన్ని రూపాల్లో యాక్సెంట్ వేసుకుంటాయి, కొన్నిటిలో హల్లును రెట్టింపు చేసుకుంటాయి. పుస్తకాల్లో వీటిని మినహాయింపులని పెట్టి బట్టీ పట్టమంటారు. బట్టీ అక్కర్లేదు. సిలబుల్ విరవడం వస్తే కారణం దానంతట అదే కనిపిస్తుంది.

సూత్రం ఇది. యాక్సెంట్ లేని 'ఈ' అనే లెటర్ సిలబుల్ చివర నిలబడితే బలహీనమైన 'అ' లాంటి శబ్దం, చాలాసార్లు అదీ రాలిపోతుంది. దాని వెనక ఒక హల్లు వచ్చి అదే సిలబుల్‌ను మూస్తే, ఆ 'ఈ' బలపడి 'ఎ' కావాలి. మూసిన సిలబుల్‌లో బలహీనపు అ నిలబడలేదు.

ఇప్పుడు 'కొను' చూడండి. 'మేము కొంటాం': ను-ౙాష్-తోఁ ('ను' అంటే మేము, ఆ ౙ సంగతి ఆరో మెట్టులో). మధ్యలోని 'ఈ' రాలిపోయింది, ఎందుకంటే తర్వాత 'తోఁ' అనే గట్టి సిలబుల్ ఉంది. 'నేను కొంటాను': చివరి 'ఈ' మూగది. అంటే త వెనక్కి వచ్చి ముందు సిలబుల్‌ను మూసింది: జా-షెత్. మూతపడింది కాబట్టి 'ఈ' బలపడి ఎ అయింది, దాన్ని కంటికి చూపించడానికి పైన యాక్సెంట్ పెట్టారు. 'పిలుచు'లో అదే పనికి ఎల్‌ను రెట్టింపు చేశారు. 'నా పేరు ఫలానా' అనేది అందరూ మొదట నేర్చుకునే వాక్యం కదా: జ మా-పెల్. అందులో రెండు ఎల్‌లు ఉండేది 'పె'ను మూయడానికే. 'మేము పిలుస్తాం' అన్నప్పుడు ను-ౙా-ప్లోఁ, మధ్య 'ఈ' రాలిపోయింది, ఒక్క ఎల్ చాలు.

'ఇష్టపడు' కూడా ఈ దారిలోనే: ప్రే-ఫే-రే అనే ఇన్ఫినిటివ్‌లో 'ఫే' తెరిచిన సిలబుల్. 'నేను ఇష్టపడతాను' అంటే ప్రే-ఫెర్. మూతపడగానే ఏ కాస్తా ఎ అయింది, యాక్సెంట్ వాలు మారింది.

కాబట్టి ఇకనుంచి ఇలా చేయండి: రాసే ముందు ఆ రూపాన్ని పైకి పలకండి. చివరి సిలబుల్ హల్లుతో మూతపడిందా? అయితే యాక్సెంట్ గానీ ద్విత్వం గానీ కావాలి. 'ఓఁ', 'ఏ' అని తెరుచుకుందా? అక్కర్లేదు. 1990లో ఫ్రెంచ్ స్పెల్లింగ్‌లో సవరణలు ప్రకటించినప్పుడు, 'పిలుచు', 'విసురు' క్రియలూ వాటి కుటుంబమూ తప్ప ఈ తరహా మిగతా క్రియలన్నిటికీ యాక్సెంట్ పద్ధతే సూచించారు. పాత స్పెల్లింగూ చెల్లుతుంది. అందుకే కొన్ని క్రియలు రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా కనిపిస్తాయి, కంగారు పడకండి.

'తిను' క్రియలో 'మేము' రూపానికి 'ఓ' ముందు అదనంగా 'ఈ' ఎందుకు? జీ పక్కన ఓ వస్తే గ అవుతుంది. మాఁ-జోఁ అని మెత్తగా ఉంచడానికే ఆ 'ఈ', దానికి సొంత సిలబుల్ లేదు. 'మొదలుపెట్టు'లో సీ కింద తోక తగిలించేదీ స శబ్దం కోసమే: కొ-మాఁ-సోఁ.

ఐదో మెట్టు: బహువచనం నుంచి ఏకవచనానికి రండి

ఈఆర్ కాని క్రియల్లో 'అతను', 'వాళ్లు' రూపాలు చెవికి తేడాగానే వినిపిస్తాయి. పుస్తకాలు ఏకవచనంతో మొదలుపెడతాయి. మీరు తలకిందులుగా చేయండి, 'వాళ్లు' రూపం ముందు నేర్చుకోండి. దాని చివరి హల్లు తీసేస్తే సాధారణంగా ఏకవచనం వచ్చేస్తుంది.

వాళ్లు ముగిస్తారు: ఫి-నీస్. స తీసేయండి, ఫి-నీ, అతను ముగిస్తాడు. వాళ్లు అమ్ముతారు: వాఁద్. అతను: వాఁ. నిద్రపోవడం: దొర్మ్, దొర్. పెట్టడం: మెత్, మె. చదవడం: లీౙ్, లి. రాయడం: ఏ-క్రీవ్, ఏ-క్రి. చేయాల్సి ఉండడం: ద్వావ్, ద్వా. 'మేము', 'మీరు' రూపాలకు కూడా ఆ హల్లే కావాలి. దొర్మ్‌కు ఓఁ చేర్చితే హల్లు ముందుకు జరిగి దొర్-మోఁ అవుతుంది. 'తెలుసుకొను' మాత్రం లోపలి అచ్చు కూడా మార్చుకుంటుంది: సావ్, సె.

చివరి హల్లు న అయినప్పుడు ఇంకో మార్పు చూడండి. వాళ్లు వస్తారు: వ్యెన్. న పోతుంది, పోతూ పోతూ తన ముక్కు శబ్దాన్ని అచ్చుకు ఇచ్చిపోతుంది: వ్యెఁ. తీసుకోవడంలో ప్రెన్, ప్రాఁ. తెలుగులో అరసున్నా పుట్టిన కథా ఇలాంటిదే కదా, నిండు అనునాసికం పోయి అచ్చు మీద నీడ మిగిలింది. 'వ్యెన్' అనేటప్పుడు నాలుక పైకి తగలాలి. 'వ్యెఁ' అనేటప్పుడు తగలకూడదు. ఈ రెండూ వంద సార్లు మార్చి మార్చి అనండి. ఇది సరిగ్గా వస్తే మీ ఫ్రెంచ్ వినే మనిషి మొహంలోనే మార్పు కనిపిస్తుంది.

ఆరో మెట్టు: ఇది సంధి, మీకు వచ్చినదే

క్రియ ఒంటరిగా ఉండదు, ముందు సర్వనామం ఉంటుంది. రెండూ కలిసినప్పుడు విరుపు మారిపోతుంది. తరగతి గదిలో దీన్ని మూడు నాలుగు ఫ్రెంచ్ పేర్లతో చెబుతారు. చిన్నప్పుడు సంధులు నేర్చుకున్నవాళ్లకు కొత్తేమీ కాదు.

వాడు + ఎక్కడ = వాడెక్కడ. ముందున్న ఉకారం లోపించింది. జ + ఎమ్ = జెమ్, 'నేను ప్రేమిస్తాను'. ముందున్న అ లోపించింది, దాని జాగాలో రాతలో చిన్న కామా పైన పెడతారు. సంధి అయ్యాక అది ఒక్క సిలబుల్, మధ్యలో ఆగితే తప్పు.

'అతను ప్రేమిస్తాడు': ఇల్ + ఎమ్. ల ముందుకు జరుగుతుంది: ఇ-లెమ్. 'వాళ్లు ప్రేమిస్తారు': సర్వనామం చివర మూగగా పడి ఉన్న ఎస్, అచ్చు తగలగానే ౙ అయి లేస్తుంది: ఇల్-ౙెమ్. పద్యాల్లో 'వచ్చె' అని ఆగేది, తర్వాత 'అని' వస్తే 'వచ్చెనని' అవుతుంది. దాగి ఉన్న ద్రుతం అచ్చు ముందు బయటపడుతుంది. ఫ్రెంచ్ వాళ్లు లియెౙోఁ అనేది ఇలాంటి పద్ధతే. 'ఇ-లెమ్', 'ఇల్-ౙెమ్': ఒక్కరా, పదిమందా అన్నది ఆ ఒక్క ౙ మీదే ఆధారపడి ఉంది. సర్వనామానికీ క్రియకూ మధ్య ఈ సంధి తప్పనిసరి. 'మాకు ఉంది' ను-ౙా-వోఁ, 'మీకు ఉంది' వు-ౙా-వే, 'మీరు ఉన్నారు' వు-ౙెత్.

అన్నిటికంటే జాగ్రత్తగా సాధన చేయాల్సిన జంట ఇది: 'ఇల్-ౙోఁ' అంటే వాళ్లకు ఉంది, 'ఇల్-సోఁ' అంటే వాళ్లు ఉన్నారు. మనవాళ్ల నోట్లో ౙ తరచూ స అయిపోతుంది. 'వాళ్లకు ఆకలిగా ఉంది' అనబోయి 'వాళ్లే ఆకలి' అన్నట్టవుతుంది. గొంతు మీద వేలు పెట్టుకోండి. ౙ అన్నప్పుడు అదరాలి, స అన్నప్పుడు అదరకూడదు.

ప్రశ్న అడిగేటప్పుడు క్రియ ముందుకొస్తుంది. 'అతనికి ఉందా?' అనాలంటే ఆ + ఇల్, రెండు అచ్చులు ఢీకొంటాయి. మా + ఇల్లు = మాయిల్లు అని మనం మధ్యలో య తెచ్చుకుంటాం, వాళ్లు త తెచ్చుకుంటారు: ఆ-తిల్. 'అతను మాట్లాడతాడా?' పార్-ల-తిల్. 'అతను తీసుకుంటాడా?' అన్నప్పుడు క్రియ చివర రాతలో డీ ఉన్నా పలికేది తనే: ప్రాఁ-తిల్. 'వెళ్లు, కానివ్వు' అనే అర్థంలో రోజుకు వంద సార్లు వినిపించే 'వా-ౙీ'లో కూడా ౙ ఇలా మధ్యలో చేరినదే.

హెచ్ ఎప్పుడూ పలకదు. అయినా కొన్ని హెచ్‌లు సంధిని అడ్డుకుంటాయి. 'మేము నివసిస్తాం' ను-ౙా-బి-తోఁ, సంధి ఉంది. 'మేము ద్వేషిస్తాం' ను-ఆ-ఇ-సోఁ, సంధి లేదు. ఏ హెచ్ ఏ రకమో నిఘంటువు చూసి గుర్తుపెట్టుకోవడమే దారి.

ఏడో మెట్టు: గతం, భవిష్యత్తు

'మాట్లాడేవాణ్ని' అనే అసంపూర్ణ భూతకాలంలో నేను, నువ్వు, అతను, వాళ్లు నలుగురిదీ మళ్లీ ఒకటే శబ్దం: పార్-లె. 'వాళ్లు' రూపం చివర ఏ-ఐ-ఈ-ఎన్-టీ అని ఐదు లెటర్లు ఉన్నా శబ్దం ఒక్క ఎ. 'మేము' రూపం పార్-ల్యోఁ, రెండే సిలబుల్స్, మూడు చేయకండి. అయితే ముందు 'వ్ర', 'ద్ర' లాంటి జంట ఉంటే నాలుక అంత తొందరగా తిరగదు కాబట్టి ఇకారం విడిపోతుంది: ఊ-వ్రి-యోఁ, 'మేము తెరిచేవాళ్లం'. మర్యాదగా 'మీకు కావాలా' అని అడిగే వు వూ-ద్రి-యే కూడా ఇలాగే.

ఇంకో చిత్రం. 'మేము మోసేవాళ్లం' పొర్-త్యోఁ. సరిగ్గా అవే లెటర్లతో 'భాగాలు' అనే నామవాచకం రాస్తారు, దాన్ని మాత్రం పొర్-స్యోఁ అనాలి.

భవిష్యత్తులో మధ్యలో ఉండే 'ఈ' నిలుస్తుందా రాలుతుందా అన్నది చుట్టుపక్కల హల్లులు చెబుతాయి. 'ఇస్తాను' రాతలో మూడు ముక్కలు, మాటలో రెండు: దొన్-రే. 'మాట్లాడతాను'లో 'ఈ' తీసేస్తే ర్-ల్-ర్ అని మూడు హల్లులు ఒక చోట చిక్కుకుంటాయి. అందుకని అ నిలబడుతుంది: పార్-ల-రే. మోరిస్ గ్రామోఁ అనే ఫ్రెంచ్ భాషావేత్త దీన్నే మూడు హల్లుల సూత్రంగా చెప్పాడు. అన్ని చోట్లా అచ్చంగా సరిపోదు గానీ, కొత్తవాళ్లకు చేతికర్రలా ఉపయోగపడుతుంది. మార్సెయ్, తులూజ్ వైపు దక్షిణాది మనుషులు ఈ బలహీనపు అను చాలా చోట్ల నిలిపి పలుకుతారు, పాటల్లో కూడా రాగం కోసం నిలుపుతారు. కాబట్టి ఎక్కడైనా 'పార్ల' అని వినిపిస్తే మీరు నేర్చుకున్నది తప్పని అనుకోకండి.

మాట వినని కొన్ని రూపాలు

వీటికి మాత్రం బట్టీ తప్పదు. 'మేము చేస్తాం' రాతలో ఏ-ఐ ఉన్నా 'ఫ-ౙోఁ' అనాలి. 'మీరు చేస్తారు' ఫెత్, 'మీరు చెబుతారు' దీత్, 'మీరు ఉన్నారు' ఎత్: ఈ మూడింటికీ చివర ఈ-జెడ్ రాదు, త గట్టిగా పలకాలి. 'నాకు దొరికింది, కలిగింది' అనే అర్థంలో వచ్చే 'జే-యు'లో ఈ-యూ రెండు లెటర్లూ కలిసి ఒక్క యూ శబ్దం, పైన చెప్పిన పెదవులు చుట్టిన ఇ. 'నేను ఉన్నాను' జ స్యుఇ, ఆ 'స్యుఇ' మొత్తం ఒకే దెబ్బ. వీధిలో అది 'ష్యుఇ' అయిపోతుంది. 'నాకు తెలీదు' అనే పొడుగాటి వాక్యం 'షె-పా' అయిపోతుంది. మీరు అలా అనాల్సిన పని లేదు, విన్నప్పుడు పోల్చుకుంటే చాలు.

రోజూ ఏం చేయాలి

ఒక క్రియ తీసుకోండి. మూగ లెటర్లు కొట్టేయండి, విల్లు గీతలు గీయండి, సర్వనామంతో కలిపి సంధి చేయండి. బల్ల మీద వేలితో తడుతూ పలకండి, ఒక సిలబుల్‌కు ఒక తట్టు, అన్నీ సమానంగా. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. గీతలకంటే తట్లు ఎక్కువొస్తే ఎక్కడో అచ్చు చేర్చారన్నమాట. ఆర్ఎఫ్ఐ రేడియో తేలిక ఫ్రెంచ్‌లో పది నిమిషాల వార్తలు ఇస్తుంది, రాతప్రతి కూడా దొరుకుతుంది. ముందు చూడకుండా వినండి, తర్వాత రాతప్రతిలో క్రియల కింద మాత్రం గీతలు గీస్తూ మళ్లీ వినండి.

ఇప్పుడు ఈ వాక్యంతో మొదలుపెట్టండి: 'వాళ్లు వస్తున్నారు, మేము వాళ్లకోసం ఎదురుచూస్తున్నాం', వచ్చేవాళ్లు ఆడవాళ్లు. ఎల్-ౙా-రీ-వే-ను-లే-ౙా-తాఁ-దోఁ. తొమ్మిది తట్లు. నాలుగో తట్టు దగ్గర ఆగి చూడండి: ఆ 'వే'లో వ మొదటి క్రియది, ఏ దాని తర్వాత వచ్చే 'మరియు'ది.